మట్టిలో పూడ్చిన ఆకుతీగ

మా చిన్నప్పుడు... నాకు తొమ్మిదేళ్లు వచ్చిన ఏడు, మాఘమాసంలో ఒక పొద్దున, మా నాయన నా తమలపాకు తీగను చెట్టు మీది నుంచి కిందికి లాగి మట్టిలో పూడ్చేశాడు.

పంతొమ్మిది వందల యాభైల మాట. రాజంపేట పక్కన మా పల్లె. చుట్టూ కొర్ర చేలు, వేరుశనగ చేలు... అన్నీ వానకు ముఖం వాచినవే. తమలపాకేమో చిత్తడి అడవుల తీగ. నీడా తడీ లేకపోతే బతకదు. అందుకని తోట చుట్టూ దడి కట్టి, అవిశె చెట్లు పెంచి, వాటి మీదికి తీగలు పాకించేవాళ్లు. రెండెద్దులు కపిల... అదే, మోట... లాగితే బావి నీళ్లు కాలవల్లో పారేవి. ఆకుతోట మాకు గుడితో సమానం, చెప్పులు దడి బయటే విడవాలి... ఎంత పెద్దమనిషి వచ్చినా సరే.

అందులో ఒక తీగ నాది. నా చేత్తో నాటింది. ఆ వైశాఖంలో మా మేనత్త పెళ్లి. "నా పెండ్లిలో మొదటి తాంబూలం నీ తీగ ఆకుతోనే పాపా" అని అత్త మాటిచ్చింది. నేను ఊరంతా చెప్పుకున్నాను.

అలాంటి తీగను నాయన చుట్టగా చుట్టి, కొన మూరెడు మాత్రం పైకి వదిలి, మన్ను కప్పాడు.

"ఏం చేస్తాండావు నాయనా? అది నాది!"

"నీదే పాపా, యాడికి పోతాది? ఈడనే ఉండాది. ఏడాదికోసారి దించి పూడిస్తేనే మళ్లీ బలంగా లేస్తాది."

నేను నమ్మలేదు. మధ్యాహ్నం అందరూ సంగటి తింటుంటే పోయి తవ్వేశాను. చుట్ట విప్పి చెట్టుకు కట్టబోయాను. నా చెయ్యి అందినంత మేరే కట్టగలిగాను... ఆ లాగుడులో కొన పుటుక్కున తెగింది.

అవ్వ చూసి నడుం పట్టుకుని నవ్వింది. "పూడ్చినదాన్ని తవ్వినావా! రేపు విత్తనాలు కూడా తవ్వి చూస్తావేమే, ఉండాయో లేదో అని!"

నాయన కొట్టలేదు. తీగను మళ్లీ చుట్టి పూడ్చాడు. "కొన పోయింది. ఇంక కణుపు నుంచి లేయల్ల. పెండ్లికి ఆకు వస్తాదో రాదో నేను చెప్పలేను. నీళ్లు మాత్రం నువ్వే పోయల్ల."

పోశాను... పొద్దున ఒక ముంత, సాయంత్రం ఒక ముంత. నాదాంతో పాటే పూడ్చిన పక్క తీగలన్నీ పాకుతున్నాయి. నా మట్టిలో చలనం లేదు. "మీ తీగమ్మ ఇంకా లేయలేదా?" అని అవ్వ రోజూ ఎగతాళి.

నెల దాటాక ఒక పొద్దున చూస్తే... చీమ తలంత ఎర్రటి మొలక! తోటంతా వినబడేలా అరిచాను. నాయన కపిల ఆపి వచ్చి, వంగి చూసి, "లేసింది" అన్నాడు. అంతే. మళ్లీ కపిల దగ్గరికి పోయాడు, నవ్వుకుంటూ.

పెళ్లినాటికి తొమ్మిది ఆకులు. చిన్నవే. అత్త మాట తప్పలేదు... మొదటి తాంబూలంలో రెండు నావే. బద్వేలు పెళ్లికొడుకు నమిలి కళ్లు పెద్దవి చేశాడు.

"శానా కారంగా ఉండాదే ఈ ఆకు!"

"ఆకు కారం కాదు అల్లుడా" అంది అవ్వ. "దాన్ని పెంచినదాని కారం!"

పందిరంతా నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఇప్పుడు ఆ చేలో అరటి తోట. కపిల లేదు, బావి పూడిపోయింది. తాంబూలానికి ఆకు బజారు నుంచి వస్తుంది, ఏ తోటదో ఎవరికీ తెలియదు. మీ ఇళ్లలో ఆకు ఎక్కడి నుంచి వచ్చేది? గుర్తుంటే రాయండి...

మా పక్క పల్లెలో ఒక్క ఆకుతోట మిగిలిందట. మనవరాలు ఎప్పుడూ చూడలేదంది. వచ్చే శనివారం ఇద్దరం పోతున్నాం, పొద్దున ఆరున్నర బస్సుకు.