బావ తిరిగివ్వని గొంగడి

మా బావ పోయాడని తాండూరు బస్టాండులో తెలిసింది. ఫోను చేసింది మా అక్క, అంటే ఆయన భార్యే. ఏడవలేదు. "వస్తె రా. కొట్లాటకైతె రాకు" అంది. ఎక్కిన బస్సు దిగి, వాళ్ల ఊరు దోమకు పోయే బస్సు ఎక్కాను.

దినాల నాడు పంచే చిన్న పుస్తకంలో నాలుగు మాటలు రాయమని మేనల్లుడు అడిగాడు. మంచి మాటలే రాయమని మళ్లీ చెప్పాడు. నాకు వచ్చిన రాతే కొంచెం, అందులో అబద్ధాలకు చోటు లేదు. మా బావ మొండివాడు. తనది తప్పని ఒక్కనాడూ ఒప్పుకున్నవాడు కాదు.

ఇద్దరం గొర్రెలు కాసినవాళ్లమే. మంద నీళ్లు తాగందే ఆయన చెంబు ముట్టేవాడు కాదు. కుంటే పిల్లను భుజాన వేసుకుని, దాని తల్లిని తిడుతూ నడిచేవాడు. ఈనే గొర్రెను ఎలా పట్టాలో నాకు నేర్పింది ఆయనే. నేర్పినందుకు బతికినన్నాళ్లూ దెప్పాడు కూడా. కాగ్నా ఏరు పారేటప్పుడు ముందు పొట్టేలును దింపేవాడు. "గొర్రె దాటినకాడ మనిషి దాటొచ్చు" అనేవాడు. మా దిక్కు వాగుల్లో అది నిజమే.

ఆ మాట పట్టుకునే కేదారం కొండ మీద చావబోయాడు. అక్క మొక్కుంటే ముగ్గురం పోయాం. అక్కడ ఎండలు మొదలై మంచు కరుగుతోంది, బాట నిండా నీళ్లు. మోకాళ్లు సహకరించక అక్క కింద గదిలోనే ఆగి, కొబ్బరికాయ నా చేతికిచ్చి మా ఇద్దరినీ పంపింది. అందరూ చుట్టు తిరిగి పోతుంటే ఈయన అడ్డదారి వెతికాడు. ఒక వాగును మంచు పైకప్పులా మూసేసింది. దాని మీద అక్కడి గొర్రెల గిట్టల గుర్తులున్నాయి.

"ఆగు బావా, కింద నీళ్ల సప్పుడైతుంది" అన్నాను.

"గొర్రెలు పోయినయి గద. చాతగాకుంటె నువ్వు చుట్టు తిరిగి రా బామ్మర్ది."

గొర్రె బరువెంత, ఈయన బరువెంత? నడిమికి పోయేసరికి మంచు విరిగి నడుము దాకా దిగిపోయాడు. కింద వాగు కాళ్లు లాగుతోంది. నేను బోర్లా పడుకుని భుజం మీది గొంగడి విసిరాను. అంచు పట్టుకున్నాడు. గుంజాను. అంచు చిరిగింది, మనిషి బయటపడ్డాడు. వణుకుతుంటే ఆ గొంగడే కప్పాను.

"జర మెల్లగ గుంజరాదా, రెట్ట పోయింది" అన్నాడు భుజం పట్టుకుని.

ఊరికి వచ్చాక కథ తిరగబడింది. మంచులో పడింది నేనట. గొంగడి విసిరి గుంజింది ఆయనట. ఆ గొంగడీ ఆయనదేనట. పెళ్లిళ్లలో, అంగట్లో చెప్పి జనాన్ని నవ్వించాడు. అది మా అమ్మ వడికిన ఉన్ని. తిరిగి ఇమ్మంటే, "నాది నీకెందుకిస్త?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ గడప తొక్కలేదు. నలుగురిలో ఒక్కసారి ఆయన నోట నిజం చెప్పించాలని కాచుకుని ఉన్నాను. చెప్పకుండానే పోయాడు.

దోమలో బావను గుంత దగ్గరికి తెచ్చారు. మీద నా గొంగడి కప్పి ఉంది. నా చూపు ఎక్కడుందో అక్క కనిపెట్టింది. దగ్గరికొచ్చి అందరూ వినేటట్టే అంది.

"మొన్న జొరంల చెప్పిండు. గొంగడి నీ తమ్మునిదే, వాడు అడిగితె ఇయ్యి, అడగకుంటె నాతోని పంపు అన్నడు. అడుగుతవా?"

గొంగడి నాదైతే విసిరింది కూడా నేనే. అక్కడున్న వాళ్లందరికీ అర్థమైంది. కానీ చూడండి ఆయన బుద్ధి. పోతూ పోతూ కూడా నాతో అడిగించాలనే చూశాడు.

నేను అడగలేదు.

మట్టి పోశారు. ఆయన కనబడకుండా పోయాడు. చిరిగిన అంచు మాత్రం కాసేపు పైనే ఉంది, చెయ్యి చాపితే అందేంత దగ్గర.