తీగలకు నూనె

నా గొంతు సంగతి ముందే చెప్పేస్తాను. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ అందరూ పాడేవాళ్ళే. నేను నోరు తెరిస్తే మాత్రం పక్కన సవ్యంగా పాడుతున్నవాళ్ళు కూడా శ్రుతి తప్పుతారు. అందుకే ఇంటర్ చదివే రోజుల్లోనే గిటారు పట్టాను. ఇప్పుడు సుబేదారిలో ఒక ఆఫీసులో ఫైళ్ళు తిరగేసే ఉద్యోగం, ఆదివారం హన్మకొండలో మా చర్చిలో ఎలక్ట్రిక్ గిటారు. దేవుడికి నేను చెప్పుకునేదంతా ఆ ఒక్క పూట, ఆ తీగల మీదే. అది పోతే నాకు నోరు లేనట్టే.

అలాంటిది, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘ పెద్ద నన్ను చెప్పుల దగ్గర ఆపాడు. మనిషి మంచివాడే. కాకపోతే చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే ముందు ఆరోగ్యం అడుగుతాడు.

"పాణం మంచిగున్నదా బిడ్డా?" అన్నాడు. కబురు చెడ్డదేనని తెలిసిపోయింది.

"మంచిగనే ఉన్నదయ్యా."

"ఏం లేదు బిడ్డా, నీ గిటార్ ముందట కూసునే అమ్మలకు చెవులల్ల గుచ్చుతాందట. వచ్చే ఆదివారం జర మెత్తగ వాయించు. మళ్ళ గట్లనే ఉంటె గిటార్ ఇంట్లనే పెట్టి, ఆడోళ్ళతోని కలిసి పాడు. నీకేం తక్కువ!"

నాకేం తక్కువో ఆయనకు తెలియదు. పాపం, నేను పాడగా ఎప్పుడూ వినలేదు.

ఒళ్ళు మండిపోయింది. మా డోలక్ వాయించే ఆయన దాని చర్మం చిరిగేటట్టు బాదుతాడు, అది ఎవరి చెవిలోనూ గుచ్చదు. మైకు పట్టుకున్న తమ్ముడు కేక పెడితే రోడ్డు మీద ఆటోలు ఆగుతాయి, అది భక్తి. నా తీగలు మాత్రం గుచ్చుతాయి! ఇవన్నీ ఆయన మొహం మీదే అనాలనిపించింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి సంగతి నాకు తెలుసు కనుక, దాన్ని మూసుకుని తీగలు మార్చడమే మేలనుకున్నాను.

మామూలు గిటారు తీగల్లో లావువాటికి, నికెల్ పూత పూసిన స్టీలు చుట్టి ఉంటుంది. కొత్తలో అవి ఖణఖణమంటాయి. పూత కాకుండా అచ్చమైన నికెల్‌నే చుట్టిన తీగలు కూడా దొరుకుతాయి. వాటి ధ్వని కాస్త మెత్తన, కాస్త పెద్దరికం. మా ముందు వరుస అమ్మల వయసుకు సరిగ్గా సరిపోతుందనిపించింది. ఆ ప్యాకెట్లో కూడా సన్న తీగలు ఉత్త స్టీలేనట. ప్యూర్ నెయ్యి, ప్యూర్ కాటన్ అని బోర్డులు చూసి చూసి పెరిగినదాన్ని, సగం ప్యూర్ అయినా చాలనుకున్నాను.

వరంగల్ స్టేషన్ వైపు డోలకులూ హార్మోనియంలూ అమ్మే కొట్టు ఒకటుంది. అక్కడికి పోయి, "ప్యూర్ నికెల్ తీగలున్నయా అన్నా?" అని అడిగాను.

"మన దగ్గర అన్నీ ప్యూరే మేడం," అంటూ ఒక ప్యాకెట్ ముందు పడేశాడు కొట్టాయన.

"ఇది పూతదే అన్నా. ప్యాకెట్ మీదనే రాసి ఉన్నది."

ఆయనకు పౌరుషం వచ్చింది. పాత స్పీకరు నుంచి ఊడదీసిన అయస్కాంతం తెచ్చి తీగ దగ్గర పెట్టాడు. తీగ ఎగిరి పోయి దానికి అంటుకుంది.

"సూషిండ్రా? ఎంత గట్టిగ పట్టుకున్నదో! గింత ప్యూర్ ఇంకేడ దొరుకది."

నికెల్ అయినా అంటుకుంటుంది, ఇనుమైనా అంటుకుంటుంది. మేం మాటల్లో ఉండగానే ఆయన షట్టర్ తాళం కూడా వచ్చి దానికే అంటుకుంది. అది కూడా ప్యూరేనా అని అడగబోయి, ఎందుకొచ్చిన గొడవలే అని ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను.

పార్సెల్ శనివారం వచ్చింది. నేను ఆఫీసులో ఉంటే మా అత్తమ్మ తీసుకుంది.

ఇక్కడ మా అత్తమ్మ గురించి చెప్పాలి. ఆమెది వర్ధన్నపేట. చర్చిలో ముందు వరుసలో, సరిగ్గా నా ఎదురుగా కూర్చుంటుంది. మా ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా ఆమె ప్రార్థన చేసి, వేలితో ఒక నూనె చుక్క పెడితే గానీ వాడకూడదు. స్కూటీ హెడ్‌లైటుకు పెట్టింది. ఫ్రిజ్జు నుదుటికి పెట్టింది. బోరు మోటారుకు పెట్టడానికి పోయి కరెంటు షాకు తిని, దయ్యమే కొట్టిందని మరో చుక్క పెట్టి వచ్చింది. ఆ సీసాలో ఒకప్పుడు ఆలివ్ నూనె ఉండేది. అది అయిపోయిన దగ్గర్నుంచి పల్లి నూనె నింపుతోంది. నూనె ఏదైతేనేం, ప్రార్థన ప్రార్థనే అంటుంది.

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి న్యూస్ పేపర్ మీద నా తీగలు వరుసగా పడుకుని నిగనిగలాడుతున్నాయి. పక్కన సీసా. సీసా సగానికి దిగింది.

"అత్తమ్మా! ఏం చేసినవ్?"

"పార్థన చేసి నూనె వెట్టిన బిడ్డా. నీ గిటార్ పోవద్దని గట్టిగ చేసిన."

"ఒక్క చుక్క పెట్టాలె గదా!"

"గంత పొడుగు తీగకు ఒక్క చుక్క ఏం సరిపోతది? మొత్తం పట్టిచ్చిన. కిర్రుమనే తలుపుకు నూనె పోస్తలేమా? గిదీ గంతే. ఫికర్ చెయ్యకు."

లోకంలో ఎవరికీ తట్టని వైద్యం అది. చుట్టిన తీగ సందుల్లోకి నూనె దిగిందంటే ఇక అది మోగదు. పాతవైనా ఎక్కిద్దామంటే, కొత్తవి వస్తున్నాయన్న ఉత్సాహం కొద్దీ పొద్దున్నే వాటిని కత్తిరించి పారేశాను. తుడిచాను, మళ్ళీ తుడిచాను, చీర కొంగు పాడైంది కానీ తీగలు మారలేదు.

ఆదివారం చర్చిలో మొదటి పాటకు తీగ మీటితే తడి దుప్పటి దులిపిన చప్పుడొచ్చింది. యాంప్లిఫైయర్ సౌండు పెంచితే ఇంకా పెద్ద దుప్పటి. అయినా తలవంచుకుని చివరిదాకా వాయించాను, ఈ చప్పుడు విన్నాక గిటారు మాన్పిస్తారు, ఇదే ఆఖరని అనుకుంటూ.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద నవ్వు మొహంతో వచ్చాడు. ఈసారి ఆరోగ్యం అడగలేదు.

"ఏం వాయించినవ్ బిడ్డా! ఎవ్వరికీ తిప్పల లేదు. ఇట్లనే కానియ్యి. గిటార్ ఉంచుదాం."

గిటారు దక్కింది. సంతోషించాలి కదా? ఇంటికి వచ్చేదాకా పళ్ళు కొరుకుతూనే ఉన్నాను. వినిపించనంత కాలం వాయించుకోవచ్చట! ఆ ముక్కకు నేనెందుకు, గిటారును కుర్చీలో కూర్చోబెడితే సరిపోదా?

అన్నం దగ్గర అత్తమ్మ కూర కలుపుకోకుండా కూర్చుంది.

"ఇయ్యాల నువ్వు వాయించినవా?" అంది.

"వాయించిన అత్తమ్మా."

"నాకు వినొస్తలే. నీ తీగ ఖంగుమంటెనే నేను చరణం ఎత్తుకుంట. ఇయ్యాల యాడ ఎత్తుకోవాల్నో తెల్వక రెండుసార్లు తప్పు పాడిన. అందరు తిరిగి సూషిండ్రు." ఆగి, ప్లేటులోకి చూస్తూ అంది. "చెవులల్ల గుచ్చుతాందని పెద్దాయనకు చెప్పింది నేనే బిడ్డా. గాయిన నిన్ను తీసేస్త అంటడని నాకేమెరుక? గుచ్చినా మంచిదే. గుచ్చితె నువ్వున్నవని తెలుస్తది."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. రాలేదు.

లేచి తీగలు విప్పి, గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద మరగబెట్టాను. జిడ్డు వదలడానికి గిటారువాళ్ళు చేసే పనే అది, శనివారం కంగారులో తట్టలేదు. మా ఆయన వచ్చి మూత తీసి, "సేమియా చేస్తానవా?" అని సంబరంగా అడిగాడు. "నూనె ఎక్కువైనట్టున్నది," అని కూడా అన్నాడు. ఆరబెట్టి ఎక్కిస్తే తీగలు మళ్ళీ మోగాయి. ఖణఖణ కాదు, నిండుగా, మెత్తగా. నేను కోరుకున్న మోత అదే. అయినా వినబడుతుంది, బాగానే వినబడుతుంది.

ఆ పై ఆదివారం మొదటి పాట మొదలుకాగానే సంఘ పెద్ద నా వైపు రెండడుగులు వేశాడు. అత్తమ్మ కూర్చున్న చోటునుంచే చెయ్యి అడ్డం పెట్టింది.

"అయ్యా, గా చెవులు నాయి. నేను సూసుకుంట."

తర్వాత సంచిలోంచి ఇంత పత్తి తీసి, వరుసలో ఉన్న అమ్మలందరికీ తలా కొంచెం తుంచి పంచింది. అందరూ బుద్ధిగా రెండు చెవుల్లోనూ పెట్టుకున్నారు. తను మాత్రం ఒక చెవిలోనే పెట్టుకుని, రెండోది నా వైపు తిప్పి కూర్చుంది.