ముందు కుతుబ్ మీనార్ చూపించి రండి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అమ్మ పొద్దున్నే పులిహోర కలిపిందంటే ఎక్కడికో ప్రయాణమన్నమాట. తొంభైల మొదట్లో నాన్న ఎయిర్ ఫోర్సు ఉద్యోగం మమ్మల్ని ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్లకు చేర్చింది. ఆ ఆదివారం కూడా పులిహోర వాసనకే లేచాను. కుతుబ్ మీనార్‌కి వెళ్తున్నాం అని నాన్న చెప్పగానే అందరికంటే ముందు బూట్లు వేసుకున్నాను.

మా అక్క ట్వెల్త్ చదువుతుండేది. కొన్ని నెలలుగా తను తనలా లేదు. బడి మానేసింది, కిటికీ పరదా తీయనిచ్చేది కాదు, పలకరిస్తే గోడవైపు తిరిగేది. అంతకుముందు నెలలో వారం రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చింది. నాకు మాత్రం కామెర్లని చెప్పారు. నేను నమ్మాను.

టాక్సీ స్టాండు నుంచి సర్దార్జీ బండి తెచ్చాడు. దారిలో మీనారు దూరంగా కనబడగానే వేలు పెట్టి చూపించి అరిచాను. బండి ఆగలేదు. మెహ్రౌలీ దాటి, ఇటుక గోడల మధ్య సన్నని దారిలోకి తిరిగి, పెద్ద ఇనుప గేటు ముందు ఆగింది. ఏమీ తెలియని సర్దార్జీ దిగి డిక్కీ తెరుస్తూ, పెట్టె దించమంటారా అని మామూలుగా అడిగాడు.

"సాబ్, అటాచీ ఉతార్ దూఁ?"

పులిహోర డబ్బా పక్కన అక్క పెట్టె ఉంది. పిక్నిక్‌కి పెట్టె ఎందుకో నాకు అర్థం కాలేదు. అమ్మ ముఖం చూశాక అర్థమైంది. అక్కని ఇక్కడ వదిలేసి మేం ముగ్గురం ఇంటికి వెళ్ళిపోతాం. నాన్న అబద్ధం చెప్పారు! నాన్న అబద్ధం చెప్పగలరని అప్పటిదాకా నాకు తెలియదు. అక్క మాత్రం సీట్లోంచి కదల్లేదు, ఏడవలేదు, మా వైపు చూడనే లేదు.

మనసు బాగాలేని కుర్రవాళ్ళూ అమ్మాయిలూ నెలల తరబడి ఉండి వైద్యం చేయించుకునే ఇల్లు అది. గేటు తీసుకుని వచ్చిన పెద్ద నర్సు మన గుంటూరు వైపు మనిషి. మెడలో చిన్న సిలువ, కాళ్ళకు హవాయి చెప్పులు. నాన్నకు నమస్కారం పెట్టి, బండిలోకి ఒకసారి వంగి చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"అన్నయ్య గారూ, పాపకి ఏం చెప్పి తీసుకొచ్చారు?"

నాన్న అన్నారు, "కుతుబ్ మీనార్ చూపిస్తామని..."

"అయితే ముందు కుతుబ్ మీనార్ చూపించి రండి."

వారాల తరబడి ఎదురుచూస్తే దొరికిన చోటు అది. నాన్న బతిమాలారు, తర్వాత కాస్త గట్టిగానే మాట్లాడారు. ఆమె గేటుకు అడ్డంగానే నిలబడ్డారు.

"ఇవాళ మీరు అబద్ధం చెప్పి దింపిపోతే, రేపు నేను మాత్ర చేతిలో పెట్టి ఇది నిద్రకమ్మా అంటే ఈ పిల్ల ఎందుకు నమ్మాలండీ? అక్కడ కూర్చోబెట్టి నిజం చెప్పండి. తర్వాత రండి."

"చెప్పాక రానంటే?"

"ఇంటికి తీసుకెళ్ళండి. రేపు మళ్ళీ చెప్పండి. గేటు ఎక్కడికి పోతుంది?"

సర్దార్జీ తల గోక్కుంటూ బండి వెనక్కి తిప్పాడు.

మీనారు దగ్గర ఎండ మండిపోతోంది. విహారయాత్రకు వచ్చిన బడిపిల్లలు వరసలో నిలబడి గోల చేస్తున్నారు. గడ్డి మీద దుప్పటి పరిచి అమ్మ డబ్బా తెరిచింది గానీ ఎవరూ చెయ్యి పెట్టలేదు. పరేడ్ మైదానంలో అంత మందికి వినబడేలా ఆర్డర్లు ఇచ్చే నాన్న గొంతు ఆ రోజు పక్కన కూర్చున్న నాకే సరిగా వినబడలేదు. నువ్వు మాకు దక్కవేమోనని భయంగా ఉందమ్మా అన్నారు. మాకు చేతకావడం లేదన్నారు. ఆ ఇంట్లో ఎన్నాళ్ళుండాలో తనకూ తెలియదన్నారు.

అక్క గడ్డిపరకలు తుంచుతూ అంతా వింది. "ముఝే పతా థా, పాపా, నాకు ముందే తెలుసు," అంది నాన్నతో. "పొద్దున తీగ మీద నా టవల్ లేదు. నా బట్టలు సర్దేశారని అప్పుడే తెలిసింది."

"మరి అడగలేదేం తల్లీ?" అంది అమ్మ.

"మీరు చెప్తారేమోనని చూశా. గేటు దాకా చెప్పలేదు." తర్వాత చాలా మామూలుగా అంది. "అలాగే వదిలేసి పోతే ఇంక బతకడం దేనికి అనుకున్నా."

అక్క ఆస్పత్రిలో ఉన్నది కామెర్లకు కాదని ఆ క్షణంలో తెలిసింది. నాన్న ముఖం రెండు చేతులతో కప్పుకున్నారు. అంత పెద్ద మనిషి అందరి మధ్యా అలా ఏడుస్తుంటే బడిపిల్లలు వరస చెదరగొట్టుకుని మరీ చూశారు. అక్కే పులిహోర డబ్బా ఆయన వైపు జరిపింది.

"తినండి. తర్వాత వెళ్దాం."

గేటు దగ్గర సర్దార్జీ డిక్కీ తెరవబోతే, "మై లే లూఁగీ, భయ్యా," అని పెట్టె తనే పట్టుకుంది. నర్సు ఆంటీ ఈసారి నాన్నను ఏమీ అడగలేదు. అక్కనే అడిగారు.

"ఎలా ఉందమ్మా కుతుబ్ మీనార్?"

"పొడుగ్గా ఉంది, ఆంటీ."

ఆమె పకపకా నవ్వి గేటు పూర్తిగా తెరిచారు.

రోజూ డైరీ రాయమని నాన్న నాకు అలవాటు చేసిన కొత్తరోజులవి. ఆ రాత్రి "కుతుబ్ మీనార్ చూశాం" అని మాత్రం రాయగలిగాను. అక్క చలికాలం దాటాక ఇంటికి వచ్చింది. దారి సాఫీగా ఏమీ సాగలేదు. మధ్యలో మరోసారి ఆ ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. అప్పుడు తీగ మీది టవల్ తనే తీసి మడతపెట్టుకుంది. ఇప్పుడు తను చిన్నపిల్లలకు లెక్కలు చెబుతోంది.

నేనూ నాన్నలాగే ఎయిర్ ఫోర్సులో పనిచేసి రిటైరయ్యాను. బండి తీసిన ప్రతిసారీ తాళం తిప్పే ముందు వెనక సీటు వైపు తిరిగి, ఎక్కడికి వెళ్తున్నామో, అక్కడ ఎవరిని దింపుతామో చెబుతాను. "ట్యూషన్‌కే కదా, పాపా!" అని మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ అనుకుని, వాళ్ళు తలూపేదాకా ఆగి, అప్పుడు తాళం తిప్పుతాను.