వైరస్ రాని కంప్యూటరు

తెలుగు డీటీపీ చేసేవాళ్ళకు ఒక భయం ఉంటుంది. ఫైలు తెరవగానే మన అక్షరాల బదులు డాలరు గుర్తులు, తలకిందుల ప్రశ్నార్థకాలు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు తెర నిండా లుకలుకలాడుతూ కనిపిస్తాయి. నిజానికి ఫైలుకేమీ కాదు. ఆ కంప్యూటర్లో మన పాత తెలుగు ఫాంటు ఉండదు, అంతే. ఫాంటు ఎక్కిస్తే మళ్ళీ తెలుగు తెలుగులా కనబడుతుంది. నారాయణగూడలో నేను పని చేసి ఇచ్చే ప్రెస్సు యజమానీ, నేనూ వీటికి పురుగులని పేరు పెట్టుకున్నాం. "చెల్లె, పురుగులు పడ్డయ్" అని ఆయన ఫోన్ చేస్తే, "ఫాంట్ ఎక్కియ్యండన్నా" అని నేను బియ్యం కడుగుతూనే చెప్పేదాన్ని. ఎన్నేళ్ళుగానో ఆ మందు ఎప్పుడూ పని చేసింది. ఆ నమ్మకమే మా కొంప ముంచింది.

మేముండేది చిక్కడపల్లిలో, మేడ మీద కిరాయి ఇల్లు. ముందు గదిలో నా కంప్యూటరు. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పేవాళ్ళు తమ మెటీరియల్ పెన్ డ్రైవుల్లో తెచ్చి ఇస్తారు. నేను టైపు చేసి, తప్పులు దిద్ది, ప్రెస్సుకు చేరుస్తాను. ఆ పెన్ డ్రైవులు ఎక్కని గడప ఉండదు. జిరాక్స్ షాపులు, హాస్టళ్ళు, నెట్ సెంటర్లు అన్నీ తిరిగొస్తాయి. నా పాత కంప్యూటర్లో వైరస్‌లు కిరాయి కట్టని అద్దెవాళ్ళలా కాపురముండేవి. ఒకసారి వారం రోజుల పని మొత్తం తినేశాయి. ఆ రోజు నేను అన్నం తినలేదు.

అప్పుడు మా తమ్ముడు రంగంలోకి దిగాడు. వాడు గ్రూప్స్ పరీక్షల కోసం అశోక్ నగర్‌కు వచ్చి, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసి ఎదురుచూసి నెత్తిన జుట్టూ పోగొట్టుకుని, పరీక్ష రాసే వయసూ దాటిపోయి, చివరికి అక్కడే పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటూ కవాడిగూడలో ఒక గదిలో ఉంటాడు. ఉద్యోగం తప్ప మిగతావన్నీ వాడికి తెలుసు.

"అక్కా, ఈ విండోస్ తీసేసి లినక్స్ ఏస్త. వైరస్ గీరస్ అన్న మాటే ఉండది" అన్నాడు.

"అంత గట్టిదారా అది?"

"గట్టిదే. నువ్వు పాస్‌వర్డ్ కొట్టంది ఏదీ లోపలికి పోదు. ఇంకోటేందంటే, మన దిక్కు దాన్ని వాడేటోళ్ళే తక్కువ. గింతమంది కోసం పనిగట్టుకొని వైరస్ ఎవడు రాస్తడు?"

మొదటి మాట కన్నా రెండో మాటే నాకు నచ్చింది. అంటే మనింటికి తాళం గట్టిదో కాదో తర్వాత సంగతి, ముందు దొంగకు మన ఇల్లే తెలియదన్నమాట. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఈ వయసులో ఉలిపికట్టెనవుదామనిపించింది. పాత ఫాంటు అందులో పని చేయకపోతే యూనికోడ్‌లో టైపింగ్ మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ప్రెస్సాయన దాన్ని తన దగ్గర పాత ఫాంటులోకి మార్చుకునేవాడు.

నిజంగానే వైరస్ రాలేదు. అందరి కంప్యూటర్లూ మూలుగుతుంటే నాది నిక్షేపంగా నడిచింది. నాకు గర్వం కూడా వచ్చిందనుకోండి, ఎవరడిగినా అడగకపోయినా చెప్పేదాన్ని. కొందరి పెన్ డ్రైవుల్లో మాత్రం ఫోల్డరు పేరే పెట్టుకుని, చివర తోకలాగా మూడు ఇంగ్లీషు అక్షరాలున్న ఫైలొకటి కనబడేది. తమ్ముణ్ణి అడిగాను.

"అదే వైరస్ అక్కా. మన దాంట్ల అది రాయి లెక్క పడుంటది. దాని జోలికి పోకు" అన్నాడు. నేను పోలేదు.

ఇక ప్రెస్సు సంగతి చెప్పాలి. ఆ ప్రెస్సు ఒకే ఒక్క పుస్తకం మీద బతికేది. తెలుగు మీడియం పిల్లల కోసం ఒక రిటైర్డ్ లెక్చరర్ రాసిన చరిత్ర పుస్తకం అది. రాసినాయన ఇప్పుడు లేరు. నోటిఫికేషన్ పడ్డప్పుడల్లా కొత్త అధ్యాయం ఒకటి చేర్చి మళ్ళీ వేసేవాళ్ళం. ఆ పుస్తకం కదిలితేనే ప్రెస్సు నడిచేది, ప్రెస్సు నడిస్తేనే నాకు పని. ఆ పేజీలన్నీ నా దగ్గర కాదు, ప్రెస్సు కంప్యూటర్లో ఉండేవి. ఇంకో కాపీ విడి డిస్కులో, బీరువాలో ఉండేది.

చాలా కాలం తర్వాత నోటిఫికేషన్ పడింది. కొత్త అధ్యాయం ఒక మాస్టారు పెన్ డ్రైవులో తెచ్చిచ్చాడు. నేను టైపు చేసి, ఏ బొమ్మ ఎక్కడ కావాలో ప్రెస్సాయన చూసుకుంటాడులే అని మాస్టారిచ్చిన ఫోల్డరు ఫోల్డరంతా ప్రెస్సు పెన్ డ్రైవులోకి ఎక్కించి, నడుచుకుంటూ నారాయణగూడ వెళ్ళాను. ప్రెస్సాయన ఆ రోజు పెళ్ళికొడుకులా ఉన్నాడు. కాగితం ఎంత తెప్పించాలో అప్పటికే మాట్లాడుకుంటున్నాడు. చాయ్ తెప్పించాడు. నా దగ్గర తోకతో కనబడే ఆ ఫైలొకటి ఫోల్డరుతో పాటే వచ్చి, ఆయన విండోస్‌లో తోక దాచుకుని, పసుపు ఫోల్డరు బొమ్మ పెట్టుకుని కూర్చుంది. ఆయన దాన్ని నొక్కాడు. ఏమీ తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాడు. నేను పక్కనే చాయ్ తాగుతున్నాను.

మర్నాడు ఫోన్ వచ్చింది. "చెల్లె, పురుగులు పడ్డయ్. శానా పడ్డయ్."

"ఫాంట్ ఎక్కియ్యండన్నా."

"ఎక్కిచ్చిన. పోతలెవ్వు."

వెళ్ళాను. కొన్ని ఫైళ్ళు తెరుచుకోవడం లేదు, తెరుచుకున్నవాటి నిండా పురుగులే. వేరే భాషవాళ్ళయితే ఆ గజిబిజి చూడగానే ఏదో ఘోరం జరిగిందని కంప్యూటరు ఆపేసి ఉండేవాళ్ళు. మాకు గజిబిజి కొత్తా? ఉన్న ఫాంట్లన్నీ తీసి, మళ్ళీ ఎక్కించి, ఆపి, పెట్టి, అదే పనిగా కూర్చున్నాం. చివరికి ఆయన, "ఆగు, బీరువల డిస్క్ ఉన్నది గద. దాంట్ల ఎట్లున్నదో జర చూద్దాం" అన్నాడు. ఆయన తెచ్చిచ్చాడు, వైరు నేనే తగిలించాను.

మొదటి అధ్యాయం తెరిచాం. గుండ్రటి తెలుగు అక్షరాలు చక్కగా ఉన్నాయి. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. "చూసిండ్రా, ఫాంటే" అన్నాను నేను. అది మూసి రెండోది తెరిస్తే పురుగులు. మళ్ళీ మొదటిది తెరిస్తే అందులోనూ పురుగులే. ఇంతలో చూసిన పేజీ ఇంతలో పోవడమేమిటి? ఇది ఫాంటు కాదని అప్పుడు తట్టింది. వైరు లాగేశాను కానీ అప్పటికే బీరువాలోని పుస్తకం కూడా పోయింది. కాసేపటికి, ఫైళ్ళకు తాళం వేశామని, డబ్బు కడితేనే తీస్తామని ఇంగ్లీషులో ఒక నోటీసు తెర మీదికి వచ్చింది. గడువు తీరిన యాంటీవైరస్ అప్పుడు మూలన ఎర్ర గుర్తు చూపించింది, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు.

తమ్ముడొచ్చాడు. నేను తెచ్చిచ్చిన పెన్ డ్రైవు పెట్టి చూసి, తల దించుకుని, "అక్కా, ఇది నీ దగ్గరకెళ్ళే వచ్చింది. నువ్విచ్చిన దాంట్లనే ఉన్నది" అన్నాడు.

"నా దాంట్ల వైరస్ రాదంటివి గదరా!"

"రాదనే అన్న. నీ దాంట్లకెళ్ళి బయటికి పోదని అనలే."

చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. ఇచ్చి ఏం లాభం, వాడన్నది నిజమే. కరోనా రోజుల్లో దగ్గూ జ్వరం లేకుండా ఊరంతా తిరిగి అందరికీ అంటించినవాళ్ళను ఎంత తిట్టుకున్నామో నాకు గుర్తుంది. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారు. నా కోతి తాను చెడకుండానే చెరిచింది.

ప్రెస్సాయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "మీరేం చేస్తరు మేడం, మన నసీబ్ గట్లున్నది" అన్నాడు. అన్నేళ్ళూ చెల్లె అని పిలిచిన మనిషి.

పాత ప్రింటు కాపీ ముందు పెట్టుకుని పుస్తకమంతా మళ్ళీ టైపు చేయడం మొదలుపెట్టాను. కాకతీయుల దాకా కూడా రాలేదు. చిక్కడపల్లి లైబ్రరీ ముందు పిల్లలు ఫోన్లలో వేరే ఎవరిదో ఉచిత పీడీఎఫ్ పెట్టుకుని అప్పటికే చదివేస్తున్నారు. వాళ్ళను ఏమనగలం? పరీక్ష మా కోసం ఆగదు కదా. ఆయనే ఫోన్ చేసి, "ఇగ చాలు మేడం, కండ్లు పాడు చేసుకోకుండ్రి" అన్నాడు. ప్రెస్సు ముందు గది ఇప్పుడు కర్రీ పాయింటు. ఆ సందులోకి నేను వెళ్ళను.

సంగతి అశోక్ నగర్‌లో పాకింది. మాస్టార్లు నన్ను చూస్తే పలకరిస్తారు కానీ, ఆ చెయ్యి జేబులోని పెన్ డ్రైవు దాకా పోదు. వాట్సాప్‌లో పంపిస్తామంటారు, పంపరు. తమ్ముడు మాత్రం అప్పుడప్పుడూ వచ్చి, నా మనసు కుదుటపడుతుందనుకుంటాడేమో, కంప్యూటరంతా జల్లెడ పట్టి చూస్తాడు.

"ఏం లేదక్కా. సాఫ్ ఉన్నది" అంటాడు.

సాఫ్‌గానే ఉంది. ఇక దానికి వైరస్ రావడానికి దారే లేదు. దాని దగ్గరికి ఎవరూ రావడం లేదు.