పదకొండు రోజుల ఏడాది

అక్క కంటి ఆపరేషన్ నాటికి నేను కురవి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మహబూబాబాద్‌లో ఒక్కదాన్నే అద్దెకుండేదాన్ని. అక్కది కాటారం. బావ పోయాక జాకెట్లు కుట్టి బతికింది. షుగర్ వల్ల ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంట్లో వెనకుండే తెర, రెటీనా, ఊడితే హైదరాబాద్‌లో అతికించారు. ఆ తెరను పట్టి ఉంచడానికి కంట్లో గాలి నింపామని, పది రోజులు బోర్లానే పడుకోవాలని, ఎట్టి పరిస్థితిలోనూ వెల్లకిలా తిరగొద్దని డాక్టరు చెప్పాడు. అందుకే నా దగ్గరికి తెచ్చుకున్నాను.

అదే వారంలో జనగామలో సైన్స్ ప్రదర్శన. మా తొమ్మిదో తరగతి అమ్మాయిలిద్దరు ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం, దాని చుట్టూ తిరిగే గ్రహం నమూనా చేస్తున్నారు. నేను మంచం పక్కన కూర్చుని వాళ్లు చెప్పాల్సిన మాటలు రాస్తుంటే, దిండులోంచి అక్క అడిగింది.

"ఏం రాస్తున్నవే గంతసేపు?"

చెప్పాను. సూర్యుడి తర్వాత మనకు అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం అది. చిన్నది, వేడి తక్కువ, ఎర్రగా ఉంటుంది. గ్రహం దాన్ని ఆనుకున్నంత దగ్గరగా తిరుగుతుంది. పదకొండు రోజులకే దానికి ఏడాది.

"నేను లేచేటాల్లకు ఆడ ఏడాది గడిచిపోతదన్నట్టు."

"ఆ. ఇంకోటి, ఆ గ్రహం ఎప్పుడూ ఒక్క మొఖమే నక్షత్రం దిక్కు పెట్టి ఉంటదట."

"దాన్ని గూడ డాక్టరే తిరగొద్దన్నడా?"

ఇద్దరం నవ్వాం. తర్వాత అడిగింది, "నా కన్ను మంచిగయినంక సూపిస్తవా?"

"ఉత్త కంటికి కనవడదక్కా. ఎవ్వలకు కనవడదు."

"నీగ్గూడనా?"

"నాగ్గూడ."

"అయితే ఏం బాధ లేదు తియ్," అంది.

ఆరో రోజు ప్రదర్శన. పిల్లలతో పంపడానికి ఇంకెవరూ లేరన్నాడు హెడ్‌మాస్టరు. రానని చెప్పగలిగేదాన్ని, చెప్పలేదు. పక్కింటి అవ్వ "నేను సూసుకుంట, నువ్వు పో బిడ్డా" అంది. పొద్దున్నే రైలెక్కాం. జనగామలో ఒక జడ్జి మా పిల్లల్ని, కంటికి కనిపించని గ్రహం ఉందని ఎట్లా తెలిసిందని అడిగాడు. గ్రహం లాగుతుంటే నక్షత్రం కొద్దిగా ఊగుతుందని, ఆ ఊగడాన్ని దాని వెలుగులో పట్టుకున్నారని మా అమ్మాయి తడుముకోకుండా చెప్పింది. నా కడుపు నిండిపోయింది. ఆ గంటసేపు అక్క గుర్తుకే రాలేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు గూకింది. అవ్వ లేదు. కూతురికి జ్వరమొస్తే మధ్యాహ్నమే వెళ్లిపోయిందట. అక్క వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది.

భుజం పట్టి లేపాను.

"మెడ ఇరిగిపోతున్నదే. జరసేపే అనుకున్న."

"ఎంతసేపాయె?"

"ఏమో. పండుకున్నప్పుడు కాళ్ల మీద ఎండ ఉండె."

ఆ కిటికీలోంచి మంచం మీదికి ఎండ వచ్చేది మధ్యాహ్నం ఒంటిగంటకు. వెంటనే బోర్లా తిప్పి, తెల్లారేదాకా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

తొమ్మిదో రోజు, పక్క నుంచి నల్లగా ఏదో కమ్ముకొస్తోందంది అక్క. తెర మళ్లీ ఊడింది. రెండోసారి కోసి ఈసారి కంట్లో గాలికి బదులు నూనె నింపారు. అదీ నిలవలేదు. అక్కను పట్టుకుని మూడు దవాఖానలు తిరిగాను. ప్రతి చోటా ఆమెను బయట కూర్చోబెట్టి ఒకటే అడిగాను, వెల్లకిలా పడుకున్నందుకేనా అని. అవునని ఎవరూ అనలేదు, కాదని కూడా అనలేదు. కన్ను మాత్రం రాదన్నారు.

ఇప్పుడు వీలైన ప్రతి ఆదివారం కాటారం పోతాను. భూపాలపల్లిలో బస్సు మారినప్పటి నుంచీ, ఈసారి చెప్పేయాలి అనుకుంటాను. చాన్నాళ్లకు ఒకసారి చెప్పాను.

"నేను ఆ దినం పోకుండ ఉంటే బాగుండు అక్కా."

అక్క చీర కొంగు మడతలు సరిచేసుకుంది.

"పిల్లలకు ఇనాం వచ్చిందా? నువ్వు చెప్పనే లేదు."

"రాలేదు."

"అయ్యో, కష్టపడ్డరు గద పాపం," అంది. చాయ్ పెడతానని గోడ పట్టుకుంటూ వంటింట్లోకి పోయింది. లోపల అగ్గిపుల్ల గీసిన చప్పుడు వచ్చింది, అంటుకోలేదు, మళ్లీ గీసింది. లేచి పోవాలనుకున్నాను. కానీ కూర్చునే ఉన్నాను.