అవ్వ పెట్టించిన బొట్టు

మద్రాసు చిత్రకళాశాలలో నన్ను చేర్చుకోవడం, చేర్చుకోకపోవడం ఒక్క బొమ్మ మీద ఆధారపడింది. విదేశీ పత్రికలో అచ్చయిన పాత చిత్రం అది. కుండ పట్టుకుని, తలమీద తెల్లగుడ్డ కప్పుకుని నిలబడ్డ ఆడమనిషి. దాన్ని ఆయిల్ రంగుల్లో మళ్లీ వేసి చూపించాలి. ఆత్మకూరు హైస్కూల్లో మా డ్రాయింగు మాస్టారు పద్ధతి చెప్పారు. ముందు మనిషినంతా బూడిదరంగులోనే దిద్దాలి. అది ఆరాక, అవిసెనూనెలో రంగు పల్చగా కలిపి, కింది నీడలు కనిపించేలా పొర మీద పొర వేయాలి. ఒక పొర ఆరందే ఇంకోటి వేయకూడదు. ఓపిక లేనివాడు గోడలకు సున్నం కొట్టుకోవాల్సిందే అన్నారు.

ఉదయగిరిలో మా ఇంటి వసారాలో బూడిదరంగు మనిషి లేచి నిలబడగానే అవ్వ అడ్డం వచ్చింది.

“ఏందిరా ఇది, పీనుగ మాదిరి ఉండాది? ముసుగేసినావు, బొట్టు పెట్టలా. ఈ ఇంట్లో నేనొకదాన్ని చాలనా?”

అవ్వ చిన్నవయసులోనే భర్త పోయిన మనిషి. రంగు వస్తుందిలే అవ్వా అన్నాను. వచ్చింది కూడా. ఎండాకాలమంతా పొరలు వేశాను. ఆ చెంపల కింద రక్తం పారుతున్నట్టు కనిపించిన రోజు నాకు అన్నం ధ్యాసే లేదు. అంత సంతోషం మళ్లీ ఎరగను.

ఆఖరి పొర ఆరుతుండగా చట్రం కోసం ఆత్మకూరు వెళ్లాను. ఆరోజు శుక్రవారం. తిరిగొచ్చేసరికి బొమ్మ నుదుటి మీద నూనెతో తడిపిన కుంకుమ, రూపాయి బిళ్లంత. తాను కుంకుమ ముట్టదు కాబట్టి అవ్వ మా అమ్మచేత పెట్టించింది. ఇల్లెగిరిపోయేలా అరిచి వీధిలోకి పోయాను. అమ్మ భయపడి, మరక పోతుందని కిరసనాయిలు గుడ్డతో తుడిచింది. కుంకుమతోపాటు నా పొరలన్నీ ఊడొచ్చి, నుదుటిన మళ్లీ బూడిదరంగు తేలింది. అది కనపడకుండా అమ్మే ఇంకా పెద్ద బొట్టు పెట్టింది.

కొత్తగా పొరలు వేసి ఆరబెట్టే వ్యవధి లేదు. గడువు దాటిపోయింది. మరుసటేడు మళ్లీ మద్రాసుకు ప్రయత్నిస్తానని అడిగితే నాయన తలెత్తి చూడలేదు.

“బొమ్మలేసి ఏం బాగుపడతావు? ఆత్మకూరులో అయ్యవారి పని ఉండాది, చేరు” అన్నాడు.

చేరాను. బళ్లో పిల్లలచేత మామిడికాయలు, చెంబులు గీయించాను.

బొమ్మ దేవుడి గదిలోకి చేరింది. ఎవరొచ్చినా అవ్వ చూపించేది: “మావాడు ఏసిన అమ్మవారు.” ఊళ్లో ఆడవాళ్లు వచ్చి మొక్కుకునేవాళ్లు. కొందరికి కోరికలు తీరాయట. నా కోరికను మింగింది ఆ బొట్టేనని వాళ్లకేం తెలుసు? మా ఇంట్లో అందరూ ఆ బొమ్మకు దండం పెడతారు. నేను ఇంతవరకు పెట్టలేదు.