కోదాడ అవతలి ఊరు

సూర్యాపేట బడిలో నేను భూగోళం చెప్పేదాన్ని. ఉష్ణమండలం, ఋతుపవనాలు, జిల్లాలు, తాలూకాలు పటం మీద బెత్తంతో చూపించి పిల్లల చేత వల్లె వేయించేదాన్ని. ఇంత తెలిసినదాన్ని, కిరాయికి గది అడిగేటప్పుడు తప్పులో కాలేశాను. మీది ఏ ఊరని ఇంటావిడ అడిగితే "కోదాడ అవతల" అన్నాను.

మా ఊరు కోదాడ దాటాక వస్తుంది, కానీ ఈ నల్లగొండ జిల్లా పొలిమేరకు ఇవతలే. సూర్యాపేటలో మాత్రం కోదాడ అవతలంటే ఆంధ్రా అనే లెక్క. అవి ముల్కీ గొడవల రోజులు. ఇక్కడివాళ్ల ఉద్యోగాలు అటువాళ్లు తామూ స్థానికులమేనని దొంగ కాగితాలు పెట్టి కొట్టేస్తున్నారని ఊరంతా మండిపడుతోంది. ఆ కోపం ఊరికే రాలేదు, మా తమ్ముడూ ఖాళీగానే ఉన్నాడు. అయినా ఆ అనుమానపు చూపులు నా మీద పడితే ఒళ్లు మండేది. ఇంటావిడ భర్త ధాన్యం వ్యాపారి, మా బడి కమిటీలో పెద్ద. ఆవిడకు అనుమానం ముదిరితే గదీ పోతుంది, ఉద్యోగమూ పోతుంది.

ఒకనాడు ఆవిడ ఆకుకూర కట్ట తెచ్చి నా ముఖం ముందు పెట్టింది.

"టీచరమ్మా, గీ కూరనేమంటరు మీ దిక్కు?"

పరీక్ష పెడుతోందని అర్థమైంది. మా ఇంట్లో దాన్ని అటువాళ్లలాగే గోంగూర అంటాం, ఇక్కడి మాట వేరు. "పుంటికూర" అన్నాను తడుముకోకుండా. ఆవిడ ముఖం విప్పారింది. ఆ పూట గిన్నెడు పప్పు కూడా పంపింది. ఇంత తేలిగ్గా నమ్మిందేమిటా అని ఈసారి నాకే అనుమానం పట్టుకుంది.

కొన్నాళ్లకు అమ్మ పచ్చడి జాడీ పట్టుకుని బస్సు దిగింది. నేను బడి నుంచి వచ్చేసరికి ఇద్దరూ అరుగు మీద ఉన్నారు.

"గోంగూర పచ్చడంటే మా ఇంటిల్లిపాదికీ ప్రాణం వదినా," అంటోంది అమ్మ. ఇంటావిడ నవ్వడం లేదు.

"మాది గీ జిల్లానే అమ్మా, కాగితం సూపిస్త," అన్నాను ఇంటావిడతో గాభరాగా, ఆవిడ యాసలోనే.

"కాగితాలు అందరి తాన ఉంటయ్. ఆనాడే గోంగూర అనుంటే నేనేమనకపోదును. గీడోళ్లే అయితే పుంటికూర అని నేర్సుకునే పనేముండె? నెలాఖరుకు గది ఖాళీ చెయ్యుండ్రి. బడి సంగతి మా ఆయన సూసుకుంటడు."

ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇక్కడ ఎవరి కూతురినని చెప్పుకుంటున్నావే?"